దేవుడికి వందసార్లు చెప్పావు, ఒక్క మనిషికి చెప్పావా?

ప్రశ్న: అయ్యా, వందనాలు. నాకు 27 ఏళ్లు. గాజువాక వైపు ఉంటాం, పరవాడలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. సంఘంలో కీబోర్డు వాయిస్తాను. ఇంటర్ రెండో ఏడాది నుంచి ఫోన్‌లో చూడకూడనివి చూసే అలవాటు ఉంది. ఏడుస్తాను, దేవుని దగ్గర ఒప్పుకుంటాను, మళ్లీ చూస్తాను. 21 రోజులు ఉపవాసం ఉన్నాను. డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసులో మోకాళ్ల మీద తీర్మానం చేసుకున్నాను, జనవరి 4కే పడిపోయాను. ఏడు నెలలుగా ప్రభువు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం లేదు, ఆ టైముకి వైర్లు సర్దుతున్నట్టు పక్కకి వెళ్లిపోతాను. తెలిసి తెలిసి పాపం చేసేవాడికి ఇక బలి లేదని, అంటే క్షమాపణ లేదని ఒక కూటంలో ప్రసంగీకులు చెప్పారు, అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ప్రధానం అయిపోయింది, ఈస్టర్ తర్వాత పెళ్లి, అమ్మాయిది విజయనగరం. పెళ్లయితే ఇది పోతుందా? ఆ అమ్మాయికి చెప్పాలా? అసలు నేను రక్షణ పొందినవాడినేనా? రెండు నెలల్లో పడిన తేదీలు, నా షిఫ్టులు కింద రాశాను. మా పాస్టరు అయ్యగారికి మాత్రం చెప్పలేను, పేరు చెప్పకపోయినా ప్రసంగంలో పెట్టేస్తారు.

(ఉత్తరం నాలుగు పేజీలు. గుర్తుపట్టే వివరాలు తీసేసి కుదించాను.)

సమాధానం: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి జాలేసింది. రెండోసారి కొంచెం కోపం కూడా వచ్చింది, అది ఎందుకో కిందకి వెళ్లాక చెప్తాను, ముందు నీ నిద్ర సంగతి చూద్దాం.

ఆ కూటంలో ప్రసంగీకులు చెప్పింది హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం 26వ వచనం. అది వాక్యమే, కాదనను. కానీ దానికి ముందూ వెనకా ఏముందో చూడకుండా ఆ ఒక్క ముక్క నీ నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయావు. ముందు వచనం సమాజంగా కూడుకోవడం మానేస్తున్నవాళ్ల గురించి. తర్వాత 29వ వచనంలో దేవుని కుమారుణ్ని కాళ్లతో తొక్కినవాళ్లు, ఆయన రక్తాన్ని అపవిత్రంగా ఎంచినవాళ్లు కనిపిస్తారు. అంటే క్రీస్తే అక్కర్లేదని వెనక్కి వెళ్లిపోయేవాళ్లకి రాసిన హెచ్చరిక అది. నైట్ డ్యూటీ దిగి వచ్చి, పడిపోయి, పడినందుకు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చేవాడికి కాదు. ఆయనే వద్దనుకున్నవాడికి ఆయన దూరమైపోతాడేమోనన్న భయం ఎందుకుంటుంది చెప్పు.

ఊరడింపు ఇంతవరకే. ఎందుకంటే దీనికి ఇంకో చివర నిలబడి, "బాధ ఉంది కదా తమ్ముడూ, అంటే నీలో ఆత్మ పని చేస్తున్నాడు, పర్వాలేదు, ప్రార్థనలో పెడతాం" అని భుజం తట్టి పంపేసేవాళ్లు కూడా ఉన్నారు. బాధ ఉంటే సరిపోతుందా? నేను తొమ్మిదేళ్లు బాధపడుతూనే తాగాను.

అవును, తాగాను. విశాఖ పోర్టులో పనిచేసేవాణ్ని, 1989 నుంచి 1998 దాకా నడిచింది ఆ వ్యవహారం. సంఘంలో కానుకల లెక్కలు నా చేతిలోనే ఉండేవి, సండే స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పేవాణ్ని. నెలలో ఇరవై అయిదు రోజులు ముట్టేవాణ్ని కాదు, జీతం రోజు మాత్రం గేటు దాటగానే కాళ్లు వాటంతట అవే అటు తిరిగేవి. మర్నాడు మా ఆవిడ మాట్లాడేది కాదు, నేను బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ని, ఆవిడకి కనపడేలా. 1995 జనవరిలో రాష్ట్రమంతా మద్య నిషేధం వచ్చింది. దేవుడు నా కోసమే ప్రభుత్వాన్ని మార్చాడనుకున్నాను. నవ్వకు, నిజంగానే స్తోత్రం చెల్లించాను. మూడు నెలలు నిలిచింది. నాలుగో నెలకి ఒడిశా సరుకు ఏ సందులో దొరుకుతుందో నాకు తెలిసిపోయింది.

నువ్వు యాప్‌లు తీసేయడం, ఆ సైట్లు రాకుండా తాళం వేసే యాప్ ఇంకోటి పెట్టడం, దాని పాస్‌వర్డ్ నువ్వే పెట్టుకోవడం చదివితే నాకు ఆ మూడు నెలలే గుర్తొచ్చాయి. తాళం వెయ్యి, వద్దనను, తాళం లేని ఇంటికన్నా ఉన్న ఇల్లు మేలే. కాకపోతే తాళంచెవి నీ జేబులోనే ఉంది.

నాకు ఎలా పోయిందంటే, జ్ఞానాపురంలో ఉండే ఒకాయన మాతో పాటు క్రేన్ మీద పనిచేసేవారు. క్యాథలిక్. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద, మాట తక్కువ మనిషి. ఒకసారి జీతం రోజు మర్నాడు కాన్వెంట్ జంక్షన్ దగ్గర టీ కొట్లో ఆయన పక్కన కూర్చున్నాను, ముందుగా అనుకున్నదేమీ కాదు, నోట్లోంచి వచ్చేసింది. రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు చెప్పడానికి. గ్లాసు మాత్రం చేతిలోనే చల్లారిపోయింది, టీ మీద మీగడ కట్టేసింది, నేను ఆయన మొహం చూడలేక ఆ మీగడనే చూస్తూ మాట్లాడాను. ఆయన వాక్యం చెప్పలేదు, ప్రార్థన చేద్దామని అనలేదు. "వచ్చే ఒకటో తారీకు నువ్వు డ్యూటీ ఎన్నింటికి దిగుతావు?" అని అడిగారు. అంతే. ఒకటో తారీకున గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇద్దరం నడుచుకుంటూ మా ఇంటి దాకా వచ్చాం, జీతం డబ్బు మా ఆవిడ చేతికి ఇచ్చేదాకా గుమ్మంలోనే ఉండి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. అలా పద్నాలుగు నెలలు వచ్చారాయన. ఆ పద్నాలుగు నెలల్లోనూ నేను మూడుసార్లు పడ్డాను, ఆయన సెలవులో ఉన్నప్పుడు రెండు, ఆయన ఊళ్లో ఉండగానే ఒకటి. పడిన ప్రతిసారీ మర్నాడే చెప్పేశాను. దాచుకునే పని లేకపోయాక ఆ సీసాలో ఏదో తగ్గిపోయింది, సగం రుచి దాచడంలోనే ఉండేదని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నీ ఉత్తరానికి వస్తాను. నాలుగు పేజీల్లో "ఒప్పుకున్నాను" అనే మాట పదకొండు చోట్ల ఉంది. పదకొండు చోట్లా దేవుడి దగ్గరే. మనిషి దగ్గర ఒక్కసారి కూడా లేదు, బహుశా నేనే మొదటివాణ్నేమో, నాకూ పేరు లేకుండా రాశావు.

యాకోబు పత్రిక 5వ అధ్యాయం 16వ వచనంలో "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని ఉంది. ఆ వచనంలో తర్వాతి ముక్క, స్వస్థత కోసం ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేయడం, దాని మీద మనం ఎన్ని కూటాలు పెట్టుకున్నామో లెక్కలేదు. మొదటి ముక్క మీద నేను ఒక్క కూటం కూడా చూడలేదు. క్యాథలిక్కులు 1215లోనే, లాటరన్ మహాసభలో, ఏడాదికి ఒక్కసారైనా గురువు దగ్గర పాపాలు చెప్పుకోవాలని నియమం పెట్టుకున్నారు. అది మొక్కుబడిగా తయారైందని, మనకీ దేవుడికీ మధ్య ఇంకో మనిషి ఎందుకని మన ప్రొటెస్టెంట్లు దాన్ని వదిలేశారు. వదిలేస్తే వదిలేశారు, దాని చోట ఏం పెట్టుకున్నాం? మనల్ని క్యాథలిక్కుల నుంచి వేరు చేసిన ఉద్యమం మొదలుపెట్టిన లూథరే తనవరకు ఒప్పుకోలు మానలేదు. 1738లో, మెథడిస్టు సంఘాలకి మూలపురుషుడైన జాన్ వెస్లీ వారానికోసారి కూర్చునే చిన్న చిన్న గుంపులకి నియమాలు రాస్తే, అందులో ప్రతి వారం ఒక్కొక్కరినీ అడగమన్న మొదటి ప్రశ్న, పోయినసారి కలిశాక నువ్వు తెలిసి చేసిన పాపాలేంటి అని. ఇప్పుడు మన యూత్ మీటింగులో ఎవరైనా ఆ ప్రశ్న అడిగి చూడమను, వచ్చే వారానికి సగం మంది వేరే సంఘంలో ఉంటారు.

దావీదుకి దేవుడితో మాట్లాడటం రాకనా? కీర్తనలు రాసినవాడు. ఇంకొకడి భార్య బత్షెబ సంగతిలో మాత్రం బిడ్డ పుట్టేదాకా నోరు మెదపలేదు. నాతాను ప్రవక్త వచ్చి, ఎదురుగా నిలబడి, గొర్రెపిల్ల కథ చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాకే "నేను పాపము చేసితిని" అన్నాడు. 51వ కీర్తన మనం తలుపు వేసుకుని ఒంటరిగా చదువుకుంటాం కానీ, దాని పైన చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదువు. నాతాను వచ్చినప్పుడు రాసిన కీర్తన అది.

అలాగని ఎవరికి పడితే వాళ్లకి చెప్పమనడం లేదు. యేసుని పట్టిచ్చిన యూదాని చూడు. మత్తయి 27లో అతను "పశ్చాత్తాపపడి" అనే ఉంది, ముప్పై నాణేలు తిరిగి తెచ్చాడు, పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు కూడా. ఎవరి దగ్గర? ఆ నాణేలు ఇచ్చిన ప్రధాన యాజకుల దగ్గరే. వాళ్లన్నది "దానితో మాకేమి? నీవే చూచుకొనుము." అప్పుడు వెళ్లి ఉరి వేసుకున్నాడు. అదే మాట అతను పేతురు దగ్గరికి వెళ్లి చెప్పి ఉంటేనో అని నాకు చాలాసార్లు అనిపించింది. పేతురు కూడా ఆ రాత్రే, యేసు ఎవరో తెలియదని చెప్పి, పడ్డవాడు కదా. ఇది నా ఊహ, వాక్యం కాదు.

కాబట్టి మీ అయ్యగారి గురించి నువ్వు భయపడటం ఉత్త పిరికితనం అని నేను అనను. ఒకరి కన్నీళ్లని ప్రసంగంలో ఉదాహరణగా వాడేసుకోవడం నేనూ చూశాను, అది చాలా పెద్ద తప్పు, ఆ తప్పు గురించి కూడా ఎవరూ ఎవరి దగ్గరా ఒప్పుకోరు. నీకు కావలసింది పెద్ద పేరున్నవాడు కాదు. నీకన్నా పదేళ్లో పదిహేనేళ్లో పెద్దవాడు, పెళ్లయినవాడు, ఇంటికి వెళ్తే భార్యతో ఎలా మాట్లాడతాడో నువ్వు చూసినవాడు. ఇంకో పరీక్ష ఉంది, ఆయన ఎప్పుడైనా నీతో వేరేవాళ్ల రహస్యం చెప్పాడా? చెప్పి ఉంటే నీది కూడా చెప్తాడు, ఆ పేరు కొట్టెయ్. మీ సంఘంలోనే ఉండాలని కూడా లేదు. నా క్రేన్ ఆయన మా గుడి మెట్లు ఒక్కసారి కూడా ఎక్కలేదు.

చెప్పేటప్పుడు "నా కోసం ప్రార్థన చేయండి, కొన్ని బలహీనతలు ఉన్నాయి" అని నసగకు. బలహీనత అంటే మోకాళ్ల నొప్పి కూడా బలహీనతే. ఏం చూస్తున్నావో, ఎప్పటి నుంచో, వారానికి ఎన్నిసార్లో చెప్పు, వర్ణనలు వద్దు.

తేదీలు పంపావు చూడు, అది మంచి పని చేశావు. పదహారు తేదీలు. మా గోడ మీద క్యాలెండర్లో పెన్సిల్‌తో చుట్టుకుంటూ వెళ్లాను. అందులో పదకొండు సి షిఫ్టు, అంటే నైట్ డ్యూటీ, దిగి వచ్చిన ఉదయాలు. మూడు ఆదివారం సాయంత్రాలు. మిగతా రెండూ ఎందుకో నాకు అందలేదు.

ఆర్కే బీచ్‌లో ఇసుక కోత నువ్వు చూసే ఉంటావు. కెరటాలు వచ్చి ఇసుక లాక్కుపోతాయి, గట్టు విరుగుతుంది, పేపర్లో ఫోటో వస్తుంది, చూసినవాడు సముద్రాన్ని తిడతాడు. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టాక ఆ నడకకి అడ్డం పడింది, బీచ్‌కి చేరాల్సిన ఇసుక గోడకి అవతలే పేరుకుపోతుంది. పోయే ఇసుక పోతూనే ఉంటుంది, రావలసింది రాదు. అందుకే అక్కడి ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి బీచ్ మీదకి పంపుతూ ఉంటారు, అది ఒక్కసారి పోసి చేతులు దులుపుకునే పని కాదు. విరిగేది ఒక చోట, అడ్డం పడింది ఇంకో చోట. పోర్టులో అన్నేళ్లు ఉన్నాను కాబట్టి నాకు ఏం చూసినా ఇదే గుర్తొస్తుంది, ఏమనుకోకు.

నీ పదకొండు ఉదయాల్లో గోడ ఎక్కడుందో నువ్వే రాశావు. ఏడింటికి ఇంటికొస్తావు, అమ్మానాన్న పనికి వెళ్లిపోతారు, ఒళ్లు అలిసిపోయి ఉంటుంది కానీ నిద్ర రాదు, తలుపు వేసి ఉంటుంది, చేతిలో ఫోన్. ఆ పరిస్థితిలో, పదేళ్ల అలవాటు ఉన్నవాడు, ఒంటరిగా పడుకుని, మనోబలంతో గెలవాలనుకోవడం విశ్వాసం అనిపించుకోదు. ఫోన్ గదిలోకి తీసుకెళ్లకు, హాల్లో టీవీ పక్కన ఛార్జింగ్ పెట్టి వదిలెయ్. అలారం ఉండాలి కదా అంటావేమో, పూర్ణా మార్కెట్‌కి వెళ్లి ఒక అలారం గడియారం కొనుక్కో. ఎవరికి చెబుతావో ఆయన ఇల్లు దారిలోనే అయితే, సి షిఫ్టు దిగిన రోజుల్లో అక్కడ టిఫిన్ తిని ఇంటికి వెళ్లు.

ఆదివారం సాయంత్రాలు ఇంతకన్నా చిక్కు. ఆ మూడు రోజులూ ఆరాధన బాగా జరిగింది, అందరూ మెచ్చుకున్నారని నువ్వే పక్కన రాశావు. జనవరి 4 వాటిలో ఒకటి. అది మొదటి ఆదివారం, బల్ల రోజు. పొద్దున్న నీ వేళ్ల కింద పాట పలుకుతుంటే అందరూ కళ్లు మూసుకుని చేతులెత్తారు, అరగంట తర్వాత నువ్వు స్పీకరు వెనక వంగి, ఊడని వైరుని సర్దుతున్నావు. వాళ్లు మెచ్చుకుంటున్నవాడు ఒకడు, నీకు తెలిసినవాడు ఇంకొకడు. ఆ ఇద్దరి మధ్య ఖాళీని సాయంత్రానికి మోయలేక పడిపోతున్నావని నా అనుమానం. కీబోర్డు మానేయమని నేను చెప్పను, మానకని కూడా చెప్పను, నువ్వు ఎవరితో మాట్లాడతావో ఆయన్ని నిర్ణయించనీ. కొన్నాళ్లు ఆగమంటే ఆగు, చెయ్యి నొప్పి అని ఇంకో అబద్ధం మాత్రం ఆడకు, "కొన్నాళ్లు కూర్చుని వింటాను" అంటే చాలు.

బల్ల మాత్రం తీసుకో. మొదటి కొరింథీ 11లో "అయోగ్యముగా" అన్న మాట చూసి మనవాళ్లు వణికిపోతారు. కొరింథులో జరిగింది ఏంటి? డబ్బున్నవాళ్లు ముందే వచ్చి తినేసేవాళ్లు, కొందరు మత్తులో ఉండేవాళ్లు, లేనివాళ్లు ఆకలితో చూస్తూ నిలబడేవాళ్లు. అలా తినడం అయోగ్యంగా తినడం. 28వ వచనం చివరిదాకా చదువు: తన్ను తాను పరీక్షించుకోవాలి, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని ఉంది. పరీక్షించుకుని తినమన్నాడు, పరీక్షించుకుని వైర్లు సర్దుకోమనలేదు. ఇక్కడ అన్ని సంఘాలూ ఒకేలా చెప్పవు, పాపంలో ఉన్నవాడు ముట్టకూడదనేవాళ్లు చాలామందే ఉన్నారు, చెప్పకుండా దాచుకుని ముట్టకూడదంటే నేనూ ఒప్పుకుంటాను. అందుకే ముందు చెప్పుకో, తర్వాత వచ్చే మొదటి ఆదివారం నీ వరసలో నువ్వు కూర్చో.

తీర్మానాల గురించి ఒక్క మాట. ఇంక వద్దు. మనకి పశ్చాత్తాపం, మారుమనస్సు అని రెండు మాటలున్నాయి, రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తాం. పశ్చాత్తాపం అంటే మాటలోనే ఉంది, పని అయిపోయాక పుట్టే మంట. నీకు అది కావలసినంత ఉంది. రెండో కొరింథీ 7వ అధ్యాయంలో పౌలు దైవచిత్తం ప్రకారం కలిగే దుఃఖం మారుమనస్సుని కలుగజేస్తుందంటాడు, అంటే దుఃఖం వేరు, అది చేర్చాల్సిన చోటు వేరు. డిసెంబరు 31 రాత్రి నువ్వు ఏడ్చింది నిజమే. జనవరి 1న ఫోన్ ఎక్కడ పెట్టావు? అదే గదిలో, అదే దిండు పక్కన.

ఇప్పుడు కోపం సంగతి. నాలుగు పేజీల్లో నా పరిశుద్ధత, నా సాక్ష్యం, నా పరిచర్య, నా రక్షణ అని నిండా ఉంది. ఆ వీడియోల్లో ఉన్న మనుషుల గురించి ఒక్క ముక్క లేదు. వాళ్లలో ఎవరు ఇష్టంతో చేశారో, ఎవరిని బెదిరించి చేయించారో, ఎవరికి తెలియకుండా తీసి పెట్టేశారో చూసేవాడికి తెలిసే దారి లేదు. ఎక్కడో ఒక ఊళ్లో ఒక పిల్ల, తన వీడియో తీసేయమని ఎవరెవరి కాళ్లో పట్టుకుని తిరుగుతూ ఉండవచ్చు, అదే వీడియో నువ్వు పొద్దున్న ఏడున్నరకి చూస్తూ ఉండవచ్చు. ఈ పాపం నీకూ దేవుడికీ మధ్య ఉన్న సొంత గొడవ మాత్రమే అనుకున్నంత కాలం, ఏడవటం కూడా నీ గురించే ఏడుస్తావు. నేను కూడా అంతే. తాగినన్నాళ్లూ నా ఆత్మ గురించి భయపడ్డానే తప్ప, నెలాఖరులో మా ఆవిడ పక్కింట్లో బియ్యం అప్పు అడిగేదని నాకు మానేశాక గానీ తెలియలేదు.

పెళ్లి. పెళ్లయితే పోతుందని నీకు ఎవరు చెప్పినా నమ్మకు. మన పెద్దవాళ్లు తాగుబోతుకీ ఇదే మందు రాస్తారు, జులాయికీ ఇదే రాస్తారు, మందుగా వచ్చిన ఆడపిల్ల ఏమైపోతుందో ఎవరూ అడగరు. నైట్ షిఫ్టు పెళ్లయ్యాకా ఉంటుంది, ఒంటరి ఉదయాలూ ఉంటాయి, ఆ అమ్మాయి ఉద్యోగానికి వెళ్తే. కొన్నాళ్లు సద్దుమణిగి మళ్లీ మొదలైతే, అప్పుడు దాచాల్సింది ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద ఉన్న మనిషి దగ్గర.

ఆమెకి చెప్పాలా అంటే, చెప్పాలి, పెళ్లికి ముందే. కానీ మొదట ఆమెకి చెప్పకు. మొదట ఆ పెద్దాయనకి. నీ బరువు దించుకోవడానికి ఆమె నెత్తిన పెట్టేస్తే అది ఒప్పుకోలు కాదు. కొన్ని వారాలు ఆయనతో నడిచాక, నువ్వు ఏం చేస్తున్నావో కూడా చెప్పగలిగే స్థితిలో ఉన్నప్పుడు, విజయనగరం వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పు, వాట్సాప్‌లో కాదు. ఎన్నేళ్లుగా ఉందో, ఇప్పుడు ఎవరి సాయం తీసుకుంటున్నావో చెప్పు, ఏం చూశావో అక్కర్లేదు. ఆమె ఏడిస్తే ఏడవనీ, టైము అడిగితే ఇవ్వు, వద్దంటే నింద నీ మీదే వేసుకో, అమ్మాయి పేరు బయటకి రానివ్వకు. కార్డులు అచ్చయిపోయాయి, కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టేశాం అని మీ నాన్న అంటారు. అడ్వాన్సు పోతే పోతుంది.

ఇంకొకటి, ఇది త్వరగా చెప్పేస్తాను. మనిషికి చెప్పుకుని, ఫోన్ బయట పెట్టి, కొన్ని నెలలు నిజాయితీగా చేసినా నీ చేతిలో లేకుండా పోతుంటే, పని, నిద్ర పాడవుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో, ఆపుకోలేని లైంగిక ప్రవర్తన కూడా ఒకటిగా ఉంది. మతపరంగా తప్పు అన్న బాధ ఒక్కటే ఉంటే దాన్ని రోగం అనకూడదని కూడా అక్కడే రాశారు, కాబట్టి నీది ఏదో నువ్వే తేల్చేసుకోకు. మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416, డబ్బులు తీసుకోరు, ఏ టైములో చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ గేటు దగ్గర ఆటో దిగుతుంటే ఎవరైనా చూస్తారేమోనని టెన్షన్ పడతావు, తెలుసు. షుగరుకి మాత్రలు మింగుతూ ప్రసంగాలు చేసే దైవజనులు ఎంతమంది లేరు.

నా క్రేన్ ఆయన పోయి ఆరేళ్లయింది. భూస్థాపనకి వెళ్లినప్పుడు వాళ్ల అబ్బాయిని అడిగాను, మీ నాన్న నా గురించి ఇంట్లో ఎప్పుడైనా ఏమైనా చెప్పేవారా అని. "మీరు పోర్టులో నాన్నతో పనిచేసేవారని చెప్పేవారండి" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదా అన్నాను. లేదండి అన్నాడు.

నువ్వు పంపిన చీటీ ప్రకారం వచ్చే సోమవారం రాత్రి నీకు సి షిఫ్టు. ఆదివారం లోపల ఎవరికి చెప్పాలో పేరు తేల్చుకో. మంగళవారం పొద్దున్న కంపెనీ బస్సు దిగాక ఇంటి వైపు తిరగకముందే, అక్కడే రోడ్డు మీద నిలబడి, ఆయనకి ఫోన్ చెయ్యి.